డిప్రెషన్ మాలాంటి వాళ్లకే ఎక్కువట, అంటే లోపం నా పుట్టుకలోనే ఉందా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమెను ఎవరూ ఆనవాలు పట్టకుండా కొన్ని వివరాలు మార్చి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. పాడేరు వైపు ఏజెన్సీలోని ఒక గిరిజన గ్రామం. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, జీఎన్ఎం నర్సింగ్ పూర్తి చేసి, మూడేళ్లుగా నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. ఉండేది మద్దిలపాలెంలో లేడీస్ హాస్టల్. గాజువాకలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి, ఈమె రెండేళ్లుగా ప్రేమించుకుంటున్నారు. ఫోన్లో ఆ అమ్మాయి పేరు ‘ల్యాబ్ మేడమ్’ అని ఉంటుంది. తోటి నర్సులు అడిగితే లేని అబ్బాయి గురించి ఏదో ఒకటి చెబుతారు. ఏ మాట ఎవరితో చెప్పానో గుర్తుపెట్టుకోవడమే రెండో డ్యూటీ అయిపోయిందని రాశారు.

వార్డులో ఆమెను ‘ఏజెన్సీ పిల్ల’ అంటారు. యాసను వెక్కిరిస్తారు. ‘సీటు రిజర్వేషన్‌లో వచ్చింది కదా, డోసు లెక్క ఇంకోసారి చూసుకో’ అని ఒక సీనియర్ నలుగురి ముందూ అన్నారట. తనలాంటి వాళ్లు కలుసుకునే బృందం నగరంలో ఉందని తెలిసి ఆశగా వెళ్తే, అక్కడ అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ‘అరకు వైపా, అయితే థింసా చేసి చూపించు’ అన్నారు. మళ్లీ వెళ్లలేదు.

వదినను నమ్మి విషయం చెప్పారు. వదిన అన్నయ్యకు చెప్పింది. అన్నయ్య ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ‘ఇది మానసిక బలహీనత, పెళ్లయితే సర్దుకుంటుంది’ అని ఆ డాక్టరు డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రికి మత్తునిచ్చే క్లోనజెపామ్ 0.5 రాశారు. ఐదు వారాలుగా వాడుతున్నారు. ఈమధ్య రెండుసార్లు ఒక రోగి మందు ఇంకో రోగికి ఇవ్వబోయి ఆఖరి క్షణంలో ఆగారు. మేనబావతో సంబంధం ఖాయం చేస్తున్నారు. ‘మారకపోతే చినవాల్తేరులో చేర్పిస్తాను’ అని అన్నయ్య బెదిరిస్తున్నారు (ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే).

ఉత్తరం చివర ఇలా ఉంది: “మాలాంటి వాళ్లకు డిప్రెషన్ ఒకటిన్నర రెట్లు, ఆత్మహత్యాప్రయత్నాలు రెట్టింపు అని పరిశోధనల్లో తేలిందట. ఇంటర్నెట్‌లో చదివాను. అంటే డాక్టరుగారు చెప్పిందే నిజమా? ఇది నా పుట్టుకలోనే ఉన్న జబ్బా? అమ్మకు చెప్పాలా, పెళ్లి చేసుకోవాలా, మందులు మానేయాలా? రాత్రి పడుకుంటే పొద్దున్న లేవకపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తోంది.”

మీ ఆఖరి వాక్యంతోనే మొదలుపెడతానమ్మా. మిగతావన్నీ కాస్త ఆగగలవు, అది ఆగకూడదు.

లేవకపోతే బాగుండుననిపించడం వేరు, ఎలా చనిపోవాలా అని ఆలోచించడం వేరు. మొదటిది రెండో దానిగా మారుతున్నట్టు ఏ కాస్త అనిపించినా ఆ రాత్రే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను. ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ప్రమాదం ముంచుకొచ్చినట్టుంటే 112, లేదా దగ్గర్లోని క్యాజువాల్టీ. మీరు నర్సు కాబట్టి ఇంకో మాట సూటిగా చెబుతున్నాను. మీ చేతికి మందులు అందినంత సులువుగా ఇతరులకు అందవు. ఈ కొన్ని వారాలు డ్యూటీ నుంచి ఒక్క మాత్ర కూడా బ్యాగులో తెచ్చుకోకండి. మీ సొంత మందులు కూడా వారానికి సరిపడా మాత్రమే గదిలో ఉంచుకుని, మిగతావి మీకు నమ్మకమున్న మనిషి దగ్గర పెట్టండి. చనిపోవాలన్న ఆలోచన ఉధృతంగా ఉండేది చాలామందిలో కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లో చేతికి ఏమీ అందకుండా చూసుకోవడం చాలా ప్రాణాలు నిలబెట్టిన జాగ్రత్త. దీంతోపాటు ఒక కాగితం రాసుకోండి. మనసు దిగజారుతోందని నాకు ఎలా తెలుస్తుంది, అప్పుడు ఒక్కదాన్నే ఏం చేయగలను, ఎవరి పక్కన కూర్చోగలను, ఎవరిని సాయం అడగగలను, ఏ డాక్టరుకు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. స్టాన్లీ, బ్రౌన్ అనే మనస్తత్వవేత్తలు రూపొందించిన ఈ పద్ధతిని చాలా దేశాల అత్యవసర విభాగాల్లో వాడుతున్నారు. తల బాగా పనిచేస్తున్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఇక మీరు చదివిన అంకెల సంగతి. అవి అబద్ధం కాదు. 2008లో లండన్‌లో మైఖేల్ కింగ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో ఆత్మహత్యాప్రయత్నాలు సుమారు రెట్టింపు, డిప్రెషన్, ఆందోళన కనీసం ఒకటిన్నర రెట్లు అని తేలింది. కానీ ఆ అంకె ‘ఎంత’ అన్నదానికి జవాబు. ‘ఎందుకు’ అన్నది మీరు వేసుకున్న ప్రశ్న. దానికి జవాబు వేరే పరిశోధనల్లో ఉంది, అవి మీ కంటపడినట్టు లేవు. స్టీల్‌ప్లాంటులో కొలిమి పక్కన పనిచేసేవాళ్లకు వడదెబ్బ ఎక్కువ తగిలితే, వాళ్ల ఒళ్లు పుట్టుకతోనే లోపమని ఎవరూ అనరు కదా.

1957లో ఎవెలిన్ హుకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 30 మంది స్వలింగ సంపర్కులైన మగవాళ్లకు, 30 మంది ఇతర మగవాళ్లకు సిరామరకల పరీక్షలాంటి మానసిక పరీక్షలు పెట్టారు. పేర్లు తీసేసి ఆ ఫలితాలను ఆ పరీక్షల్లో ఆరితేరిన నిపుణుల చేతికిచ్చారు. ఎవరు ఎవరో వాళ్లు చెప్పలేకపోయారు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలు ఎక్కువగా ఆసుపత్రుల్లో, జైళ్లలో ఉన్నవాళ్ల మీద చేసినవి. మామూలుగా బతుకుతున్న మనుషులను చూడగానే జబ్బు అన్న వాదన నిలబడలేదు. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేశాయి. 2018లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఇది జబ్బు కాదని ప్రకటించింది. మీ డాక్టరు చెప్పింది ఆయన వృత్తి సంఘమే ఒప్పుకోని మాట.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించే రుజువు మార్క్ హాట్జెన్‌బ్యూలర్ బృందం 2010లో ప్రచురించింది. అమెరికాలో ఒక పెద్ద సర్వే ఒకే మనుషులను రెండుసార్లు, 2001-02లో ఒకసారి, 2004-05లో ఒకసారి, ఇంటర్వ్యూ చేసింది. ఈ రెండింటి మధ్య కొన్ని రాష్ట్రాలు స్వలింగ వివాహాలను నిషేధిస్తూ తమ రాజ్యాంగాలను సవరించుకున్నాయి. ఆ రాష్ట్రాల్లో ఉంటున్న గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో డిప్రెషన్ లాంటి మూడ్ సమస్యలు 36.6 శాతం పెరిగాయి. ఎడతెగని ఆందోళన రుగ్మత మూడు రెట్లు దాటింది. నిషేధం రాని రాష్ట్రాల్లో ఇంత పెరుగుదల లేదు. ఆ మనుషులు మారలేదు, వాళ్ల పుట్టుక మారలేదు, చుట్టూ ఉన్న చట్టం మారింది. తర్వాత వివాహ హక్కు వచ్చిన రాష్ట్రాల్లో హైస్కూలు పిల్లల ఆత్మహత్యాప్రయత్నాలు సుమారు 7 శాతం తగ్గాయని 2017లో ఇంకో అధ్యయనం చూపింది. పుట్టుకతో వచ్చిన జబ్బయితే అసెంబ్లీ తీర్మానాలకు పెరగదు, తగ్గదు.

ఇలన్ మేయర్ 2003లో ఈ ఒత్తిడి ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పారు. నిజంగా జరిగే అవమానం ఒకటి. మళ్లీ ఎప్పుడు జరుగుతుందోనని నిరంతరం కాచుకుని ఉండటం రెండోది. దాచుకోవడం మూడోది. ఎదుటివాళ్ల మాటను చివరికి మనమే నమ్మేయడం నాలుగోది. మీ ఉత్తరంలో నాలుగూ ఉన్నాయి. ఆ సీనియర్ డోసు గురించి అన్న తర్వాత, ఎవరూ లేనప్పుడు కూడా మూడేసి సార్లు లెక్క చూసుకుంటున్నానని రాశారు. అది రెండోది. ‘నా పుట్టుకలోనే ఉన్న జబ్బా’ అన్న ప్రశ్న నాలుగోది.

ఇక్కడ మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక సంగతి దగ్గర ఆగుతాను. నర్సింగ్ స్కూల్లో ఎవరో మీ కంచం వేరుగా పెట్టినప్పుడు మీరు అమ్మకు ఫోన్ చేసి ఏడ్చారు. పాడేరు సంతలో పసుపు అమ్మేటప్పుడు షావుకారు తూకంలో ఎలా కొట్టేసేవాడో, తను రెండో కాటా దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ తూయించి ఎలా నిలదీసిందో అమ్మ చెప్పింది. ఆ రాత్రి నిద్రపట్టిందని రాశారు.

జాతి వివక్ష, మానసిక ఆరోగ్యం మీద పనిచేసేవాళ్లను ఏళ్ల తరబడి వేధించిన చిక్కుముడికి ఈ ఫోన్‌కాల్‌లో జవాబు కొంత ఉంది. అమెరికాలో నల్లజాతివారు తెల్లవారికంటే ఎక్కువ వివక్ష, ఎక్కువ పేదరికం అనుభవిస్తారు. డిప్రెషన్ కూడా వాళ్లకే ఎక్కువ ఉండాలి. 2007లో డేవిడ్ విలియమ్స్ బృందం ప్రచురించిన లెక్కల్లో జీవితంలో ఎప్పుడైనా తీవ్ర డిప్రెషన్ వచ్చినవాళ్లు తెల్లవారిలో 17.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతం. దీనికి చాలా కారణాలు చెబుతారు. వాటిలో ఒకటి, ఆ పిల్లలు అవమానం పడి ఇంటికొస్తే అదే అవమానం పడ్డ అమ్మానాన్నలు ఉంటారు. తప్పు నీది కాదని, ఇలా నిలబడాలని నేర్పుతారు. స్వలింగ ఆకర్షణ ఉన్న పిల్లలకు ఆ ఇల్లు దొరకదు. వాళ్ల దెబ్బ అమ్మకు అనుభవంలో లేని దెబ్బ. చాలాసార్లు కొట్టేది ఇంట్లోవాళ్లే. మీకు ఒక దెబ్బ ఇంటికి తీసుకెళ్లగలిగేది, ఇంకోటి తీసుకెళ్లలేనిది. మిమ్మల్ని కుంగదీస్తున్నది ఎక్కువగా ఆ రెండోదేనని నా అంచనా.

భారాలు రెండైతే జబ్బూ రెండింతలు అవుతుందని మీరు రాశారు. మేయర్ బృందం 2008లో న్యూయార్క్‌లో సరిగ్గా ఈ అనుమానంతోనే చూసింది. నల్లజాతికి చెందిన గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తుల్లో మానసిక రుగ్మతలు అదే కోవకు చెందిన తెల్లవారికంటే తక్కువే కనిపించాయి. వాళ్ల బతుకూ మీ బతుకూ ఒకటి కాదు, నిజమే. కానీ తూకం తప్పు షావుకారుదని, పసుపుది కాదని మీకు చిన్నప్పుడే తెలుసు. ఆ తెలివిడిని రెండో విషయానికి మీరింకా వాడలేదు.

అలాగని కులం, జాతి వివక్ష మనసును తాకదని కాదు. ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో మన దేశపు సర్వే లెక్కలను విశ్లేషిస్తే, చదువు, ఆస్తి తేడాలు పక్కనపెట్టి చూసినా దళితులు, ముస్లింల మానసిక ఆరోగ్యం అగ్రకులాల వారికంటే దిగువన ఉంది. విలియమ్స్ లెక్కల్లోనూ రెండో సగం ఉంది. ఆఫ్రికన్ అమెరికన్లకు డిప్రెషన్ రావడం తక్కువైనా, వస్తే వదలకుండా ఉండిపోయేది 56.5 శాతం మందికి. తెల్లవారిలో అది 38.6 శాతం. నల్లజాతివారిలో సగానికి పైగా అసలు వైద్యమే అందుకోలేదు. ఓర్చుకోవడం అలవాటైన మనుషులు వైద్యం ఆలస్యం చేస్తారు. మీరూ అలా చేయకూడదనే ఇది చెబుతున్నాను.

మందుల విషయం. డాక్టరు చెప్పిన కారణం తప్పు. అంతమాత్రాన రాసిన మందు తప్పని తేలదు. ఈ రెండింటినీ విడదీసి చూడండి. ఎస్సిటాలోప్రామ్ డిప్రెషన్‌కి, ఆందోళనకి అందరికీ వాడేదే. అది ఎవరి ప్రేమనూ మార్చదు. మీ లక్షణాలు, అంటే తెల్లవారుజామున మెలకువ, ఆకలి లేకపోవడం, బాత్రూములో ఏడుపు, నిజమైన డిప్రెషన్‌లాగే ఉన్నాయి. ఆ మందు పట్టు చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. కోపంతో ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం, చిరాకు రావచ్చు. అప్పుడు ‘చూశావా, జబ్బు ముదిరింది’ అని ఇంట్లో అంటారు. మానాల్సివస్తే వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

నాకు అనుమానంగా ఉన్నది రెండో మాత్ర. ఒంట్లో ఉన్న క్లోనజెపామ్ సగానికి తగ్గడానికి సాధారణంగా 30 నుంచి 40 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి వేసుకున్నది మర్నాడు ఉదయం డ్యూటీకి చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. రోజూ వేసుకుంటే పోగుపడుతుంది. మందులు తారుమారు కాబోయిన ఆ రెండు సందర్భాలూ ఈ మాత్ర మొదలయ్యాకే వచ్చాయని మీ ఉత్తరం క్రమాన్ని బట్టి అనిపిస్తోంది. తేదీలు సరిచూసుకోండి. దీన్ని కూడా సొంతంగా ఆపకండి. వారాల తరబడి వాడాక హఠాత్తుగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, చేతులు వణకొచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. కొత్త డాక్టరును మొదట అడగాల్సింది దీన్ని ఎలా తగ్గించాలనే.

పొరపాట్లకు ఇంకో కారణమూ ఉంది. క్రిచర్, ఫెర్గూసన్ 2014లో చేసిన ప్రయోగాల్లో, ఒక ఇంటర్వ్యూలో తమ లైంగికత బయటపడకుండా మాట్లాడమని కొందరికి చెప్పారు. తర్వాత, ఆ షరతు లేనివాళ్లతో సహా అందరికీ బుద్ధికి, ఒంటి ఓర్పుకి సంబంధించిన పరీక్షలు పెట్టారు. దాచాల్సి వచ్చినవాళ్లు వెనకబడ్డారు. దాయడానికి మెదడు ప్రతి మాటనూ ముందే వడపోస్తుంది. ఆ శక్తి వేరే పని నుంచి తీసుకుంటుంది. రహస్యాల మీద స్లెపియన్ చేసిన పని ఇంకాస్త ముందుకెళ్లింది. ఎదుటివాళ్ల దగ్గర దాచే క్షణాలకంటే, ఒంటరిగా ఉన్నప్పుడు అదే విషయం మనసులో తిరుగుతూ ఉండటమే ఎక్కువ బాధిస్తుందని తేలింది. కాబట్టి అబద్ధాల సంఖ్య తగ్గించండి. లేని అబ్బాయి కథ మానేసి ‘నా సొంత విషయాలు డ్యూటీలో మాట్లాడను’ అనే ఒకే జవాబు పెట్టుకోండి. మొదటి వారం గుచ్చిగుచ్చి అడుగుతారు, తర్వాత విసుగుపుడుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన కథ ఉండదు.

వార్డులో ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటి, డోసు తప్పితే ప్రమాదమైన మందులు ఇచ్చేముందు ఇంకో నర్సు చేత సరిచూయించుకోండి. ఇది అందరికీ ఉన్న నియమమే, మీకు ప్రత్యేకం కాదు. నాలుగు వారాలు నైట్ డ్యూటీలు లేకుండా అడగొచ్చు. ఆ సీనియర్‌ను కాకుండా నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగండి. డాక్టరిచ్చే సర్టిఫికెట్‌లో ‘నిద్ర సమస్య’ అన్నంత వరకే రాయమనొచ్చు. డోసు మాట మళ్లీ వస్తే తేదీ, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టండి. నలుగురి ముందూ కులం, తెగ పేరుతో అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చే అవకాశం ఉంది. కానీ ఇప్పుడున్న మనఃస్థితిలో కేసు మోయడం కష్టం. ముందు లిఖితపూర్వకంగా యాజమాన్యానికి ఇవ్వడం, దాని నకలు దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

అమ్మకు చెప్పాలా? చెప్పేస్తే మనసు తేలికవుతుందని సినిమాల్లో చూపిస్తారు. పరిశోధన అంత సులువుగా చెప్పడం లేదు. లెగేట్, రయన్, వైన్‌స్టీన్ 2012లో చూసినదాని ప్రకారం, మనిషిని తనలా ఉండనిచ్చేవాళ్ల దగ్గర చెబితే కోపం, కుంగుబాటు తగ్గాయి. అదుపు చేయాలని చూసేవాళ్ల దగ్గర చెప్పినందువల్ల ఆ లాభం కనిపించలేదు. అంటే ‘చెప్పాలా’ అన్నదానికంటే ‘ఎవరికి’ అన్నదే అసలు ప్రశ్న. ఇంటివాళ్ల తిరస్కారం ఎంత ప్రమాదమో కూడా తెలుసు. కైట్లిన్ రయన్ బృందం 2009లో 21-25 ఏళ్ల 224 మందిని పరిశీలిస్తే, కౌమారంలో ఇంట్లో తీవ్రంగా తిరస్కారం ఎదుర్కొన్నవాళ్లలో ఆత్మహత్యాప్రయత్నాలు, తిరస్కారం అంతగా లేనివాళ్లకంటే 8.4 రెట్లు ఎక్కువ. మీ అన్నయ్య ఇప్పటికే ఏ వైపు ఉన్నారో తెలుసు. అమ్మ ఏ వైపు ఉంటుందో మీకూ తెలియదు. కాటా దగ్గర నిలదీసిన మనిషి, కంచం విషయంలో మీ వైపు నిలిచిన మనిషి. అది ఆశ పెట్టుకోదగిన గుణమే గాని హామీ కాదు. అన్నయ్య నోటి నుంచి వక్రంగా విన్నాక మీ మాట వినడం ఆమెకు ఇంకా కష్టమవుతుంది, ఆలస్యం చేస్తే ఆ ప్రమాదం ఉంది. తొందరపడితే పెళ్లి ముహూర్తం ముందుకు జరగొచ్చు. రెండూ తూచుకోండి. చెప్పేట్టయితే పెళ్లి మాటలు నడుస్తున్న రోజున కాకుండా, మీరిద్దరే ఉన్నప్పుడు, మీరు నగరానికి తిరిగి వచ్చేసే ప్రయాణం ఖాయమై ఉన్నప్పుడు చెప్పండి. మొదటి రోజు ఆమె అనే మాటే ఆఖరి మాట అనుకోకండి. తల్లులకు నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు.

ఏ దారి పట్టినా ముందు ఇది చేయండి. పదో తరగతి మార్కుల జాబితా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఊళ్లో ఉంటే తెచ్చేసుకోండి. జీతం పడే ఖాతాకు అన్నయ్య నంబరు లింకై ఉంటే మార్చుకోండి. మూడు నెలల హాస్టల్ ఖర్చు విడిగా పెట్టుకోండి. ఇలా కాగితాలు ఇంట్లో ఉండిపోయి ఉద్యోగం మారలేక, ఇల్లు దాటలేక ఇరుక్కునేవాళ్లు చాలామంది.

పెళ్లికి మూడు దారులున్నాయి. ఒప్పుకోవడం మొదటిది. మీ మేనబావకు ఏమీ తెలియదు. జీవితమంతా దాచుకోవడం ఇద్దరు మనుషుల భారమవుతుంది. పెళ్లితో ఆకర్షణ మారుతుందన్నదానికి ఆధారం లేదు. కారణం చెప్పకుండా వాయిదా వేయడం రెండోది. పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రెండేళ్ల కోర్సు. జీఎన్ఎం చదివిన మీకు అది నిజంగా పనికొచ్చేదే, పైగా ఉపాధ్యాయుడైన అన్నయ్య దగ్గర చదువు మాట కొంత చెల్లుతుంది. రెండేళ్లు దొరుకుతాయి, ఆ తర్వాత ఇదే గోడ మళ్లీ ఎదురవుతుంది. దాచుకోవడంలోని అలుపు అప్పటిదాకా సాగుతుంది. సూటిగా వద్దనడం మూడోది. దానికి సొంత సంపాదన, ఉండే చోటు, ఒకరిద్దరు మనుషులు ముందే కావాలి. మొదటి రెండు మీకున్నాయి. బలవంతం చేస్తే 181 మహిళల హెల్ప్‌లైన్, 112 ఉన్నాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మీ ప్రేమను నేరం కాదంది. 2023లో స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది గాని, కలిసి ఉండటం నేరమనలేదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇద్దరు మేజర్ మహిళలు ఇష్టపడి కలిసి జీవించే హక్కును నిలబెట్టింది. ఆ కేసులో వారిలో ఒకరిని తండ్రి నిర్బంధించారన్నది నర్సీపట్నంలో, మీకు ఎంతో దూరం కాదు.

‘చినవాల్తేరులో చేర్పిస్తాను’ అన్న బెదిరింపుకు భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్, సమాజపు నైతిక విలువలకు భిన్నంగా ఉన్నారన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదంటుంది. మీ ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించి, జబ్బు తీవ్రత వల్ల ప్రమాదం ఉందని తేల్చాలి. అన్నయ్య సంతకం ఒక్కటీ చాలదు. అదే చట్టం 18వ సెక్షన్ లైంగికత, కులం ఆధారంగా వైద్యంలో వివక్ష చూపకూడదంటుంది, 23వ సెక్షన్ మీ వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. లైంగికతను ‘మార్చే’ చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. పాత డాక్టరు మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చీటీ దాచి ఉంచండి, కోలుకున్నాక ఆలోచించండి.

ఆ బృందంలో మీకు ఎదురైనది మీ అతిసున్నితత్వం కాదు. కింబర్లీ బాల్సమ్ బృందం 2011లో ఇలాంటి అవమానాలను కొలవడానికి తయారుచేసిన ప్రశ్నావళిలో ‘లైంగిక మైనారిటీల మధ్యే ఎదురయ్యే జాతి వివక్ష’ ఒక ప్రత్యేక విభాగం. తెలుగులో మాట్లాడుకునే ఒకరిద్దరితో విడిగా పరిచయం పెంచుకోవడం పెద్ద గుంపుకంటే మీకు నప్పుతుందేమో. మీ గాజువాక స్నేహితురాలితో కూడా ఈ ‘ఏజెన్సీ’ మాటల బాధ చెప్పుకోండి. ఆమెకు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఒక చిన్న పని ఇవాళే మొదలుపెట్టొచ్చు. పాకాన్కిస్, గోల్డ్‌ఫ్రీడ్ 2010లో 77 మంది గే విద్యార్థులతో వరుసగా మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు రాయించారు. తమ లైంగికత వల్ల కలిగిన అత్యంత బాధాకరమైన అనుభవం గురించి రాసినవాళ్లు మూడు నెలల తర్వాత దాపరికం తగ్గించుకోగలిగారు. వాళ్లు అమెరికా కుర్రాళ్లు, మీ పరిస్థితి వేరు, అయినా ఖర్చు లేని ప్రయత్నం. హాస్టల్లో నోట్‌బుక్ ఎవరి కంటైనా పడొచ్చు కాబట్టి రాసి చింపేయండి. రాస్తుంటే చావు ఆలోచన పెరిగితే వెంటనే ఆపండి. మాట్లాడే చికిత్సలోనూ ఈ ఒత్తిడినే గురిపెట్టి రూపొందించినది ఉంది. పాకాన్కిస్ బృందం దాన్ని పది సెషన్లలో, 2015లో గే, బైసెక్సువల్ యువకులతో, 2020లో మహిళలతో పరీక్షిస్తే డిప్రెషన్ తగ్గింది. సరిగ్గా అదే కార్యక్రమం కోసం వెతకక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు దొరికితే మొదటి సెషన్లోనే ‘నా లైంగికతను మార్చడం మీ లక్ష్యమా’ అని అడగండి. తడబడితే రెండోసారి వెళ్లకండి.

ఈ వారంలో వెళ్లాల్సినది చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి, మీ అంతట మీరు. అన్నయ్య బెదిరించిన చోటే మీకు చౌకగా వైద్యం దొరికే చోటు కూడా. పనిచేసే ఆసుపత్రిలో చూపించుకుంటే తోటివాళ్ల కంటపడతారన్న భయమూ ఉండదు. వెళ్లేముందు పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి నింపుకోండి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. 10 నుంచి 14 అయితే ఓ మోస్తరు, 15 నుంచి 19 అయితే చెప్పుకోదగ్గ తీవ్రత, 20 లేదా అంతకంటే ఎక్కువైతే బాగా తీవ్రం. పాత చీటీ, మందులు మొదలుపెట్టిన తేదీ, డ్యూటీలో పొరపాటు జరగబోయిన రెండు తేదీలు అదే కాగితం మీద రాయండి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ మార్కు వేసినా, డాక్టరు ఎదుట కూర్చోగానే ముందు ఆ సంగతే చెప్పండి. నిద్ర, పెళ్లి, అన్నయ్య తర్వాత.